గోడవార సవతి

శ్రీవారికి నమస్కారాలు.

ఇక్కడ అందరం కులాసా. అందరం అంటే నేను, అత్తయ్య, పెరట్లో గోడవార మీ ముద్దుల మొక్క. మీరు అడిగే వరసలో రాయాలంటే దాన్నే ముందు రాయాలి, తప్పయింది.

మీ ఉత్తరం అందింది. రెండు పేజీలూ దాని గురించే. "నీ ఆరోగ్యం జాగ్రత్త" అన్న ముక్క మాత్రం చివర, కాగితం అంచున ఇరుక్కుని ఉంది. అదైనా, మొక్కకు నీళ్ళు పోసేదాన్ని నేనే కాబట్టి రాశారేమోనని నా అనుమానం.

అడిగినవాటికి జవాబులు ఇవిగో. కొమ్మలను ఇనప తీగకు కట్టాను. ముళ్ళు గీరుకుని ముంజేతులు రెండూ పిల్లి రక్కినట్టున్నాయి. ఈ సంగతి మీరు అడగలేదు, నేనే చెబుతున్నాను. పిట్టలు రాకుండా వల కప్పమని వెనకటి ఉత్తరంలోనే రాశారు కదా. మా కర్టెన్ల షాపులో మిగిలిన వల గుడ్డ తెచ్చి, పెద్ద సంచిలా కుట్టి తొడిగాను. నేను మిషన్ మీద అది కుడుతుంటే మా ఓనరమ్మ "ఎవరికమ్మా ఇంత ముస్తాబు?" అంది. "మా ఆయన రెండో సంసారానికండీ" అన్నాను. ఆవిడ పడీ పడీ నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

నిజం చెప్పొద్దూ, కుళ్ళుకున్నాను. నల్ల బెర్రీకీ ఎర్ర బెర్రీకీ పుట్టిన సంకరం, ఎక్కడా దొరకని రకం అంటూ ఆ ముసలి తోటమాలి దగ్గర కొమ్మ తెచ్చుకున్న రోజు నుంచీ మీరు మీరు కాదు. పండ్ల తోటలో పనికని ఊరు వెళ్ళేటప్పుడు దాని ఆకులు నిమిరి, నాకు గేటు దగ్గర నుంచే చెయ్యి ఊపారు. మరిచిపోయాననుకున్నారా?

దానికి తోడు ఈసారి ఏం రాశారు? "మా యజమాని దాన్ని తోటలో పెట్టిద్దామంటున్నారు. వచ్చే నెలలో ఒక రోజు సెలవు దొరికింది. పొద్దున వచ్చి వేళ్ళతో సహా తవ్వుకుని, సాయంత్రం బండికి వెళ్ళిపోతాను." నేను ఎన్నిసార్లు రమ్మన్నా దొరకని సెలవు దానికోసం దొరికింది! ఒళ్ళు మండిపోయింది. గుడ్డలు కత్తిరించే పెద్ద కత్తెర పట్టుకుని పెరట్లోకి వెళ్ళాను. మొదలంటా నరికేసి, చీడ పట్టి పోయిందని మీకు రాద్దామనుకున్నాను.

ఓ పక్క వల కుట్లు విప్పి చెయ్యి పెట్టానో లేదో, ఒక పండు అరచేతిలోకి రాలింది. కాస్త పొడుగ్గా, ఎరుపూ నలుపూ కాని రంగులో ఉంది. "నీలో ఏముందే అంత?" అని నోట్లో వేసుకున్నాను.

ఏం చెప్పనండీ! ముందు పులుపు నాలుకను గిల్లింది. వెనకే తీపి వచ్చి బుజ్జగించింది. మింగేశాక కూడా ఏదో పూల వాసన ముక్కులో ఉండిపోయింది. కత్తెర ఎక్కడ పడేశానో తెలియదు, మర్నాడు వానలో తడిసి తుప్పుతో దొరికింది.

మీకు జవాబు ఆలస్యమైంది అందుకే. పండినవి పండినట్టు మొదటి కాపంతా నేనే తిన్నాను. తిన్నప్పుడల్లా వల మళ్ళీ కుట్టేశాను. పండ్లేవని అత్తయ్య అడిగితే పిట్టల మీద తోసేశాను.

"వల కుట్లు విప్పుకుని దూరి, తిని, మళ్ళీ కుట్టేసి పోయిందా? పనిమంతురాలేనే ఆ పిట్ట! మూతికి ఇంకా ఎరుపు ఉంది, తుడుచుకోమను" అంది.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, గబుక్కున మూతి తుడుచుకున్నాను. నోరు మూయించడానికి ఒక పండు లంచం ఇచ్చాను. అది తిని వేళ్ళు కూడా నాక్కుంది. "పాపం, నా కొడుకు తప్పేం లేదే" అంది చివరికి.

మీరింకా దాని రుచే చూడలేదు కదూ! ఆకులు చూసే మనసు పారేసుకున్నారు. ఇప్పుడు నా కుళ్ళంతా మీ యజమాని మీద. మన గోడవారదాన్ని ఎక్కడో వరసలో నిలబెట్టి, ఎవరెవరో వచ్చి కోసుకుపోతారా? నేనివ్వను. మీరు పార తీస్తే గుమ్మంలో అడ్డంగా కూర్చుంటాను.

పిల్ల మొక్కయితే ఇస్తాను. పొడుగాటి కొమ్మ కొస వంచి కుండీ మట్టిలో పాతితే వేళ్ళు తొడుగుతుందని, అందాకా తడి ఆరకుండా కనిపెట్టుకుని ఉండాలని మీరే కదా చెప్పారు. కుండీలో మట్టి నింపి పెట్టాను. కొమ్మ కూడా అందేంత పెరిగింది. అయినా నేను పాతలేదు, పాతను.

కులాసా అని రాశాను గానీ, మీరు లేక నాకేం బాగోలేదండీ. వచ్చిన రోజున మీ చేతులతోనే కొస పాతండి. వేరు పట్టేదాకా అదీ కదలకూడదు, మీరూ కదలకూడదు.

ఇట్లు,
మీ పెద్ద భార్య