ఉప్పు లేని కారం దోసె

మామా,

నువ్వు పోయి ఈ రోజుకు ఏడాది. నీకు ఇష్టమైన కారం దోసె పోసి విస్తరిలో పెట్టాను. మొక్కుకున్నాక అమ్మాయి కొంచెం తుంచి నోట్లో వేసుకుంది.

"ఏందిమా, కారంలో ఉప్పే లేదే? నూనె గూడా పొయ్యలేదు. నాయనకు ఇట్ల పెడ్తే ఎట్ల?" అంది.

నీ గుండెకు స్టెంటు వేసినప్పటి నుంచి నా చేయి ఉప్పు డబ్బా దాకా పోవడం మరిచిపోయింది, నేనేం చేయను? బీడీలు మాన్పించాను. ప్రొద్దుటూరు బస్టాండు దాకా రోజూ పొద్దున్నే నడిపించాను. మూడేళ్లకు గండికోటలో మనవరాలిని భుజాన ఎక్కించుకుని ఆయాసం లేకుండా తిరిగావు. నాకెంత గర్వమో. ఆ సాయంత్రమే కంచం ముందు కూర్చుని, "ఏందిమే, ఈ సప్ప కూడు తినేదానికేనా నన్ను బతికించుకున్యావు?" అన్నావు. నవ్వుతూనే అన్నావు. అది నవ్వో కోపమో నేను అడగలేదు.

చివరికి నిన్ను తీసుకుపోయింది గుండె కాదు, జ్వరం. మరి ఆ మూడేళ్లు నువ్వు సుఖంగా ఉన్నావా, నా కోసం ఓర్చుకున్నావా? ఎంత ఆలోచించినా తెగడం లేదు.

అమ్మాయి మళ్లీ పెనం పెట్టింది. కారంలో కలుపుదామని ఉప్పు చేతిలోకి తీసుకున్నాను. తీసుకున్నాను గానీ, నీకు మంచిది కాదేమోనని వేయలేకపోయాను.