మేడ మీది ఎరుపు

సుబేదారి
12-4-1976

నా ప్రాణమైన మొగిలన్నా,

బాగున్నామని రాద్దామని కూర్చున్నాను, చెయ్యి రాలేదు. మీ బావ రంగులతో వేసిన యూనివర్సిటీ మేడ బొమ్మను నువ్వు హైదరాబాద్‌లో మీ లితో ప్రెస్సులో రాతి మీదికి ఎక్కించి అచ్చు వేసి పంపావు గదా, అది ముందరి గదిలో వేలాడుతోంది. మేడ మీద వాచ్‌మన్ పెండ్లాం మల్లక్క ఎండబోసిన మిరపకాయలను మీ బావ ఒక్కొక్కటిగా వేశాడు. నీ రాయి మీద అవన్నీ కలిసిపోయి ఒకే ఎర్రటి ముక్క అయినాయి. నిన్న పాలాయన చూసి, "మేడ మీద ఎర్రజెండా ఏందమ్మా?" అన్నాడు. ఈ ఎమర్జెన్సీలో అనవలసిన మాటేనా అది? పోలీసులు కాలేజీ పిల్లల హాస్టళ్లు సోదా చేస్తున్నారు, తీసుకుపోయిన వాళ్ల జాడ లేదు. చెబితే మీ బావ నవ్వుతాడు. నాకు ముద్ద దిగడం లేదు. ఆయన బడికి పోగానే ఆ ఎరుపు మీద కాటుక పూసేస్తాను. అసలు బొమ్మ నీ దగ్గరే ఉంది, దాని సంగతి కూడా జర చూడు.

నీ చెల్లె
చిలుకమ్మ

సుబేదారి
18-4-1976

అన్నా,

కాటుకే నా కొంప ముంచింది. ఎవరి ఇల్లో అడగడానికి వచ్చిన పోలీసు జమాదారు, మంచినీళ్లు తాగుతూ బొమ్మ చూశాడు. "ఈ నల్లది ఏందమ్మా, కింద ఏం దాచిండ్రు?" అని వేలితో రుద్దాడు. మిరపకాయలు సార్ అన్నాను. "మిరపకాయలకు ముసుగెందుకు?" అన్నాడు. సాయంత్రం జీపు వచ్చి మీ బావను తీసుకుపోయింది. చెప్పులు కూడా తొడుక్కోనివ్వలేదు. మల్లక్క దగ్గరికి ఉరికితే, "నేనెన్నడు ఎండబోసిన బిడ్డా, నాకేమెరుక," అని తలుపు పెట్టుకుంది. ఆమెను ఏమనను, ఆమెదీ నా భయమే. ఇక మిగిలింది ఆ అసలు బొమ్మ. అందులో కాయలు తొడిమలతో సహా కనబడతాయి. వెంటనే తీసుకుని రా. ఈ ఉత్తరం బస్సు కండక్టరు చేతికిచ్చి పంపుతున్నాను.

చిలుక

చెల్లే,

దాని సంగతి చూడమన్నావు గదా. భద్రంగా దాచమన్నావని నాకు తట్టలేదు. నీ మొదటి ఉత్తరం చదివిన వెంటనే, అసలు బొమ్మలోని మిరపకాయలను తడిగుడ్డతో తుడిచేశాను. నీటిరంగు, ఇట్టే పోయింది. రాయిని కూడా అరగదీసి వేరే అచ్చు వేసేశాం.

మా ప్రెస్సు సేఠ్ "పోకురా, నిన్ను కూడ లోపలేస్తరు" అంటున్నాడు. భయం లేదని అబద్ధమాడను. కానీ బావ వేసింది మిరపకాయలు, వాటిని జెండా చేసింది నా చెయ్యి. ఆ మాట చెప్పగలిగింది నేనొక్కణ్ణే.

ఈ ఉత్తరం నీకిచ్చే కండక్టరు బస్సులోనే నేనూ వచ్చాను. నీ మొహం చూస్తే పోలేనని నేరుగా ఠాణాకు పోతున్నాను. బావను పంపిస్తే ముందు ఇంత అన్నం పెట్టు. నా సంగతి ఇప్పుడే చెప్పకు.

నీ అన్న
మొగిలయ్య