తుడిచినా పోని రాత

ఐండ్‌హోవెన్,
2007 నవంబరు 14

ప్రియమైన మార్లీస్‌కి,

నువ్వూ, నీ మోకాలి నొప్పీ, నీ ముసలి పిల్లీ బాగున్నారని తలుస్తాను. నేనూ బాగున్నానని రాయడం మర్యాద కాబట్టి రాస్తున్నాను, నమ్మకు. మీ ఆయన బౌకే అంత్యక్రియల్లో కాఫీ కూడా తాగకుండా పారిపోయినది, రెండేళ్ల తర్వాత ఏ మొహం పెట్టుకుని రాస్తోందీ అని తిట్టుకో. తిట్టుకున్నాక చదువు.

అతను పోయిన రోజు నీ పుట్టినరోజు. మీ మరుగుదొడ్డి తలుపుకి వేలాడే పుట్టినరోజుల క్యాలెండరు రోజూ కళ్లెదుటే ఉన్నా మీ ఆయన మర్చిపోయాడు. సాయంత్రం ఇంటికి రానక్కర్లేదు పో అన్నావట. మంచువానలో, దారిలో సైకిల్ మీదే అతని గుండె ఆగిపోయింది. ఆ మాటే నిన్ను పీక్కు తింటోందని మీ చెల్లెలు మొన్న సంతలో చెప్పింది. అందుకే ఈ ఉత్తరం.

బౌకేకి కోపం వీసమెత్తు లేదే. ఆ రోజు పొద్దున్నే వచ్చి, మా ఆవిడ నన్ను గెంటేసిందోచ్ అని ల్యాబ్ అంతా చాటుకున్నాడు. మధ్యాహ్నం మేం తయారుచేస్తున్న ఎలక్ట్రానిక్ కాగితపు పొర ఒకటి తీశాడు. చుట్టి చొక్కా జేబులో పెట్టుకోవచ్చు, కరెంటు తీసేసినా రాసింది రాసినట్టే ఉంటుంది. దాని మీదికి తన చేతిరాత ఎక్కించాడు: “మార్లీస్, క్యాలెండరు తప్పేం లేదు, వెధవని నేనే. కేకు తెస్తున్నా, తలుపు తియ్యి.”

పని అయ్యాక ప్రతి పొరనీ తెల్లగా తుడిచి పెట్టడం మా పద్ధతి. ఐదింటికి అలవాటు కొద్దీ మీట నొక్కేశాను. నల్లగా, తెల్లగా మూడుసార్లు కొట్టుకుని ఖాళీ అయిపోయింది.

కానీ పూర్తిగా పోలేదు. నాసిరకం పొర. తెల్లదనం కింద బూడిద రంగులో ఆ అక్షరాలు అలాగే ఉండిపోయాయి. ఇలా మిగిలిన మరకని మేం దయ్యం అంటాం, నవ్వుకుంటూ. నాకిప్పుడు నవ్వు రావడం లేదు. రెండేళ్లుగా ఎన్నిసార్లు తుడిచానో! పొద్దున దీపం వెయ్యగానే తలుపు తియ్యి అంటూ నా వంకే చూస్తుంది. భయమేస్తోందే.

పాడైన పొరలన్నీ శుక్రవారం చెత్తలో వెయ్యమన్నాడు కొత్త మేనేజరు. దీన్ని మాత్రం దొంగిలించాను. ఈ కవర్లోనే ఉంది. కిటికీ దగ్గర కాస్త వాల్చి పట్టుకో, కనిపిస్తుంది.

ఒకప్పటి నీ స్నేహితురాలు,
టినెకే

తా.క.: అలవాటు కొద్దీ నొక్కానన్నది అబద్ధం. చదివే నొక్కాను. తుడవకు, ఇంటికి పట్టుకెళ్తా అని బౌకే ముందే చెప్పాడు. ల్యాబ్ సొత్తు గడప దాటకూడదు, నీకొక్కడికే వేరే నియమమా అని పంతానికి పోయాను. పాపం, మళ్లీ ఎక్కించాలని గంటసేపు తంటాలు పడ్డాడు, రాత ఎక్కించే యంత్రం తీగ తెగింది. సరేలే, నోటితోనే చెప్తానని ఆరింటికి బయల్దేరాడు. లేకపోతే ఐదింటికే బయల్దేరేవాడు, అప్పటికి వాన లేదు మార్లీస్. నీ మాట అతన్ని ఆపలేదు, ఇంటికే వస్తున్నాడు. ఆపింది నేను. శనివారం మీ గుమ్మం ముందు నిలబడతాను. తలుపు తియ్యడం, తియ్యకపోవడం నీ ఇష్టం.