ఒక గిటారు, రెండు పెట్టెలు

నర్సీపట్నం,
26 అక్టోబరు 2025, ఆదివారం మధ్యాహ్నం.

ప్రియమైన సాల్మన్‌రాజుకి,

ప్రభువు పేరిట వందనాలు చెప్పుకుంటూ నీ ప్రేమరాజు రాస్తున్న సంగతులు. ఇక్కడ నేను, ఎస్తర్ రాణి, పిల్లలు బాగున్నాం. రోలుగుంటలో నువ్వూ బాగున్నావని, నీ టైలరింగ్ షాపులోకి రెండో మిషను కూడా తెచ్చావని ఎస్తర్ చెప్పింది. మన ఆడవాళ్ళిద్దరూ ఎప్పట్లాగే ఫోన్లో మాట్లాడుకుంటున్నారు, అలిగి కూర్చున్నది మనమే. నువ్వు నా నంబరు బ్లాక్ చేసి రెండేళ్ళయింది. పోస్టుమ్యాన్‌ని బ్లాక్ చేసే ఏర్పాటు ఇంకా రాలేదు కాబట్టి ఇలా కాగితం పట్టుకున్నాను. చించెయ్యాలనిపిస్తే చదివాక చించు.

ముందు చర్చి కబుర్లు. నువ్వు వెళ్ళిన దగ్గర్నుంచి మన పాటలకి బేస్ గిటారు లేదు. నేను గిటారు వాయిస్తున్నాను, రమణబాబు డ్రమ్స్ కొడుతున్నాడు, అంతే. సువర్ణమ్మగారు ఇప్పటికీ స్త్రీల క్వైర్ ముందు నిలబడి కళ్ళతోనే అందర్నీ అదిలిస్తున్నారు. ప్రతి వారం ఆరాధన అయ్యాక నా దగ్గరకొచ్చి, ఏటి బాబూ, పాట గాల్లో తేలిపోతంది, కింద పట్టుకునీవోడు లేడేటి అని అడిగేవారు. నేను గిటారు తుడుచుకుంటూ వినపడనట్టు ఉండేవాణ్ణి.

జూన్‌లో నాకొక ఆలోచన వచ్చింది. నువ్వు వదిలేసి వెళ్ళిన బేస్ యాంప్, ఆ పెద్ద స్పీకరు పెట్టె, స్టోరు రూములో దుప్పటి కప్పుకుని పడుంది కదా. విశాఖపట్నం నుంచి ఒక చిన్న డబ్బా తెప్పించాను. గిటారు తీగ దాంట్లో గుచ్చితే ఆ శబ్దం రెండుగా చీలి రెండు తీగల్లోకి వెళ్తుంది. ఒకటి నా యాంప్‌కి, రెండోది నీ యాంప్‌కి. నా దాంట్లో లావు శబ్దం తగ్గించాలి, నీ దాంట్లో సన్న శబ్దం తగ్గించాలి. రెండూ కలిస్తే ఒక్కడే ఇద్దరిలా వినిపిస్తాడట. ఆ మాట విని నేనెంత పొంగిపోయానో నీకు చెప్పక్కర్లేదు, ఒక్కడినే ఇద్దరి పెత్తనం చెయ్యొచ్చంటే నేను వదులుతానా?

మొదటి రోజు రెండు యాంపులూ ఆన్ చెయ్యగానే గుయ్యిమని ఒకటే మోత. స్టోరు రూములోంచి తేనెటీగలొచ్చాయని వాచ్‌మన్ చిట్టిరాజు చీపురు పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. రెండిటికీ వేరు వేరు ప్లగ్గుల్లోంచి కరెంటిచ్చాను, అదే తప్పు. ఒకే బోర్డుకి మార్చగానే ఆ మోత పోయింది. చిట్టిరాజు మాత్రం ఇప్పటికీ ఆ గదిలోకి తల దూర్చి చూసి గానీ అడుగు పెట్టడు.

మోత పోయింది గానీ లావు శబ్దం రాలేదు. నీ యాంప్ ఎంత పెంచినా రేకు డబ్బా మీద కొట్టినట్టే ఉంది. నాలుగు నెలలు బుర్ర బద్దలు కొట్టుకున్నాను. నాతవరం బడికి ఆటోలో వెళ్తూ కూడా అదే ఆలోచన. చివరికి మొన్న పద్దెనిమిదిన, శనివారం, బస్టాండు దగ్గర మైకుసెట్ల మత్స్యలింగాన్ని పిలుచుకొచ్చాను. అతను కాసేపు విని, మాస్టారూ, లోపల రెండు స్పీకర్లున్నాయి కదా, ఓ దాని తీగ పీకీండి, సూద్దారి అన్నాడు. ఉన్న శబ్దమే చాలట్లేదంటే ఒకటి పీకెయ్యడమేమిటని విసుక్కుంటూనే పీకాను. ఒరేయ్, ఒక్క స్పీకరుతో నేల అదిరింది! కిటికీ రెక్క కొట్టుకుంది.

అప్పుడతను జేబులోంచి పెన్సిల్ సెల్ తీసి రెండు తీగలతో ఒక్కో స్పీకరుకీ తాకించాడు. రెండిటి ఎర్ర తీగనీ సెల్ ఒకే కొసకి తాకించినా, ఒకదాని ముందుండే గుండ్రటి కాగితం బయటికి ఉబికింది, రెండోదాని కాగితం లోపలికి పోయింది. ఒకటి ముందుకి తోస్తంటే రెండోది ఎనక్కి లాగీస్తందండి, గాలి కదలకపోతే బేసెక్కడినుంచొస్తాది అన్నాడు. ఎవరో ఎప్పుడో ఒక స్పీకరుకి తీగలు తారుమారుగా అతికించి ఉంటారని అనుకున్నాం.

కాబట్టి సాల్మన్, ఆ రోజు నీ వేళ్ళ తప్పేమీ లేదు. రెండేళ్ళ కిందటి మన చర్చి కన్వెన్షన్ సభలు, శనివారం కూటం. గురువారం ప్రాక్టీసులో గోడలు అదిరేలా వాయించినవాడివి ఆ రోజు స్టేజి మీద వినపడలేదు. పాటల వరస గురించి మనకి మాటా మాటా వచ్చింది కదా, ఆ కోపంతో కావాలనే తగ్గించావనుకున్నాను. నాకు ఒళ్ళు మండి మైకులో, సాల్మన్‌రాజుగారికి ఇంట్లో భోజనం పెట్టినట్టు లేదు, వేళ్ళకి సత్తువ లేదు అన్నాను. జనం నవ్వారు. నువ్వు గిటారు కవర్లో పెట్టుకుని మెట్లు దిగిపోయావు. ఆ మెట్లు దిగుతున్నప్పుడు నీ వీపు నాకు ఇప్పటికీ కనిపిస్తుంది. క్షమించరా.

పోయిన ఆదివారం ఒక్క స్పీకరుతోనే ఆరాధనలో వాయించాను. రెండు పెట్టెలూ కలిసి ఎంత బాగా పలికాయో! సువర్ణమ్మగారు కాలితో తాళం కూడా వేశారు. అయితే రెండో పాటలో, నీకు తెలుసుగా, నేనెప్పుడూ దారి తప్పే చోట మళ్ళీ తప్పాను. రెండు పెట్టెలూ ఆ తప్పునే కలిసికట్టుగా, పెద్ద గొంతుతో పలికాయి. ఇదివరకు నేను అక్కడ తప్పితే నువ్వు కింది తీగ మీద నిలబడి, నేను తిరిగొచ్చేదాకా పాటని పట్టుకునేవాడివి. ఈ డబ్బాకి ఆ బుద్ధి ఎక్కడిది? నేను ఆగితే అదీ ఆగుతుంది. పద్దెనిమిదేళ్ళు నీ పక్కన నిలబడి, నా వాయింపులో సగం నువ్వేనని ఈ డబ్బా కొన్నాక తెలుసుకున్నాను.

ఈ ఏడు కన్వెన్షన్ నవంబరు 14, 15, 16. డబ్బాతో కానిచ్చేద్దామని పాస్టరుగారు అన్నారు. నేను ఒప్పుకోలేదు, సాల్మన్ కోసం జాగా ఉంచుతానన్నాను. నువ్వు రాకపోతే నీ చోటు ఖాళీగానే ఉంటుంది, ఆ చోట డబ్బా మాత్రం పెట్టను. దానికి ముందు శనివారం, 8వ తేదీన, మూడింటికి ప్రాక్టీసు. ఎస్తర్ ఇప్పటికే రొయ్యల వేపుడు అంటోంది. నువ్వు రాకపోతే అదంతా నేనే తినాలి, నా పొట్ట సంగతి నీకు తెలుసు, నువ్వు కుట్టిన చొక్కాలే నాకు పట్టడం లేదు.

మీ ఇంట్లో అందరికీ మా వందనాలు.

నీ
ప్రేమరాజు

తా.క. కవరు అంటించబోయి మళ్ళీ తీశాను. ఎవరో తారుమారుగా అతికించారని అనుకున్నాం అని రాశాను కదా. అలా అనుకున్నది మత్స్యలింగం ఒక్కడే. టార్చి వెయ్యగానే ఆ అతుకు ఎవరిదో నాకు తెలిసిపోయింది. బఠాణీ గింజంత సీసం ముద్ద. అలా అతికిస్తానని నువ్వు నన్ను ఎన్నిసార్లు వెక్కిరించలేదు! ఆ శనివారం కూటానికి ముందురోజు నీ యాంప్‌లో ఒక తీగ ఊడబోతోందని చూసి, నీకు శ్రమ ఎందుకని నేనే రెండు తీగలూ తీసి మళ్ళీ అతికించాను. నీకు చెప్పలేదు. మర్నాడు నేను పాడుచేసిన పెట్టెతో నువ్వు వాయిస్తుంటే, నేనే మైకు పట్టుకుని నిన్ను నవ్వులపాలు చేశాను.

ఈ ఉదయం ఆరాధనలో అదే మైకు పట్టుకుని ఇదంతా అందరికీ చెప్పాను. ఎవరూ నవ్వలేదు. బయటికొచ్చాక సువర్ణమ్మగారు నా చెయ్యి పట్టుకుని, మాకందరికీ సెప్పీసేవు సరే, ఆడికి సెప్పేవేటి అని అడిగారు. అందుకే ఇంటికొచ్చి ఉత్తరం మొదలెట్టాను, ఇన్ని పేజీలు రాసి కూడా అసలు మాట దాటేశాను. ఇప్పుడు చెప్పాను.

రెండో స్పీకరు తీగ ఇంకా అలాగే వేలాడుతోంది. నేను ముట్టుకోను. శనివారం నువ్వొచ్చి అతికించు.