నీలం డబ్బా

అమ్మా, నేను కలిదిండిలో క్షేమం. ప్రభువు మిమ్మల్నీ చల్లగా చూడాలి.

చేపల చెరువుల దగ్గర ఒడిశా కూలీలున్నారు. సూదంటే భయంతో నన్ను చూసి తలుపులేసుకునేవాళ్లు. ఇవాళ కొత్తగా వచ్చిన ఒకావిడ నా నీలం టీకాల డబ్బాని ఐసు పెట్టె అనుకుంది. చేపలు కొనడానికొచ్చానని రెండు కొరమేనులు తెచ్చి దాన్లో పెట్టబోయింది!

"చేపలకి కాదండీ, మీ పాపకి!" అన్నాను. అందరూ ఒకటే నవ్వు. ఆ నవ్వులోనే పాపని నా ఒళ్లో పెట్టేసింది. ఆ వెనకే పిల్లలంతా వచ్చారు.

నీ పాత నేత చీరలు పంపు, వాళ్ల ఉయ్యాలలకి కావాలి. నాన్న షుగరు మాత్రలు వేసుకుంటున్నారా? తమ్ముడికి నా ముద్దులు.

అన్నట్టు, వచ్చే నెల మళ్లీ సూది ఉందంటే ఆవిడ వచ్చీరాని తెలుగులో ఏమందో తెలుసా? "నువ్వు డబ్బా తే అక్కా, నేను చేప తెస్తా."

నీ ఏంజెల్