హాలు, పాలు

బుధవారం.

పొద్దున్నుంచీ ముసురు. మెదడు పరీక్షకు ఇద్దరి తలలకు వైర్లు అంటించాను. రెండో మనిషి సరిహద్దు పల్లె చింతకి నుంచి వచ్చిన రత్నమ్మ. మతిమరుపు అని తేలితే బడిలో వంట పని పోతుందని ఆమె భయం.

కన్నడంలో పది మాటలు చదివి, కాసేపాగి గుర్తున్నవి చెప్పమన్నాను. 'హాలు'ను తెలుగులో పాలు అంది, 'మర'ను చెట్టు అంది. పరీక్ష కాగితం ప్రకారం ఇవి తప్పులన్నాను.

"హాలన్నా పాలన్నా చాయ్ అయితదా లేదా, బిడ్డా?" అంది.

మెదడులో ఏ భాగం ముందు పలుకుతుందో, ఏది దాని వెంట పోతుందో వైర్ల నుంచి వచ్చే ఈ గీతలతో కొలుస్తారు మా డాక్టరమ్మ. తెరమీద ఒక అల ఇంకో అలను లేపుతుంటే చూస్తూ ఉండిపోయాను. ఆ రెంటి మధ్య ఎక్కడో హాలు పాలుగా మారింది. రెండు భాషల మధ్య నాకూ అలాగే జరుగుతుంది.

రెండూ ఒప్పే అని రాశాను. డాక్టరమ్మ కొట్టేస్తారేమో.

రత్నమ్మ నాలుగు గంటల బస్సుకు వెళ్లిపోయింది.