పనసచెట్టుకు పూచీ

రాజోలు,
సిద్ధార్థి, చైత్ర శుద్ధ దశమి.

పూజ్యులైన బావగారు సత్తిరాజుగారికి సుబ్బరాజు నమస్కారాలు. ఇక్కడ మేమంతా క్షేమం, పెరట్లో పనసచెట్టు తప్ప.

మీ చెల్లెలు సూరమ్మ కాపురానికి వచ్చిన రోజున అత్తయ్యగారు తన చేత్తో నాటిన గింజ అది. పద్దెనిమిదేళ్ళయినా ఒక్క పిందె లేదు. ఈ చెట్టు కాయ తినేదాకా పనసతొన ముట్టనని ఆవిడ పట్టిన పట్టు మీకు తెలిసిందే. నిరుడు పెళ్ళిభోజనంలో కూడా తొన పక్కకు పెట్టేశారని పడవ పెదబాబు చెప్పాడు. డెబ్బయ్యో ఏట ఆవిణ్ణి ఇంకెంతకాలం ఆగమనను? సిగ్గుగా ఉంది. ఉపాయం చెప్పండి.

విధేయుడు,
సుబ్బరాజు

తా.క. రాలే ఆకుల తగాదా మీద పక్కింటి కనకరాజుకూ మాకూ నాలుగేళ్ళుగా మాటల్లేవు. వేసవిలో వాళ్ళ దొడ్లోంచి పనసపండు వాసన వస్తుంది. ఎక్కడ కొంటాడో గాని రుచి తెలిసిన మనిషి.


ఆత్రేయపురం,
చైత్ర పౌర్ణమి.

బావగారికి సత్తిరాజు నమస్కారాలు. ఉత్తరం అందింది.

చెట్టుకి గారాబం ఎక్కువైంది. ఆదివారం పొద్దున్నే గొడ్డలి పట్టుకుని, “కాస్తావా, నరకనా?” అని గద్దించండి. అప్పుడొకరు అడ్డం వచ్చి, “వదిలెయ్యండి, వచ్చే ఏడు కాస్తుంది, నాదీ పూచీ” అనాలి. మా ఊళ్ళో రెండు చింతచెట్లు ఇలాగే దారికొచ్చాయి.

మీ మేలు కోరే,
సత్తిరాజు

తా.క. అడ్డం వచ్చే మనిషికి ముందే చెప్పుకోండి. మా చిన్నాన్న మరిచిపోయాడు. ఊరంతా చూస్తుంటే పరువు కోసం పచ్చని మామిడిని కొట్టేసుకోవలసి వచ్చింది.


రాజోలు,
చైత్ర బహుళ దశమి.

బావగారికి నమస్కారాలు. మీరు చెప్పినట్టే గద్దించాను. పదిమంది పోగయ్యారు. ముందే చెప్పి ఉంచాను గనక సూరమ్మ అడ్డం వచ్చింది కూడా. తీరా నోరు తెరిచి, “వచ్చే ఏడు కాస్తుందని నేనెలా చెప్పనండీ? కాయకపోతే మా అమ్మ చెట్టు ముందు అబద్ధాలకోరునైపోనూ?” అంది.

ఎత్తిన గొడ్డలి దించలేక, వెయ్యలేక, వచ్చే ఆదివారం దాకా గడువిస్తున్నానని చెట్టుతోనే చెప్పి ఇంట్లోకి వచ్చేశాను. మీరే వచ్చి అడ్డం పడాలి.

ఇట్లు,
దారి తోచని సుబ్బరాజు

తా.క. ఈ ఉత్తరం తెచ్చే పెదబాబు ఆ రోజు అందరికంటే ముందు నిలబడ్డాడు. అడిగితే వివరంగా చెబుతాడు.


ఆత్రేయపురం,
చైత్ర బహుళ త్రయోదశి.

బావగారికి నమస్కారాలు. వివరంగానే చెప్పాడు. రేవులో స్నానానికి వెళ్ళిన అమ్మతో, “అల్లుడుగారు గొడ్డలెత్తేరండీ” అని మొదలుపెట్టాడు. ముగించేసరికి అతని మాటల్లో చెట్టు పడిపోయింది, మీరు దూలాలు కూడా కోయించేశారు.

అమ్మ అన్నం ముట్టడం లేదు, మజ్జిగతో సరిపెడుతోంది. మీ ఉత్తరం చదివి వినిపిస్తే, తను బాధపడుతుందని అల్లుడు అలా రాశాడంటోంది. ఆవిణ్ణి విడిచి నేను రాలేను. చెట్టు బతికే ఉందని ఆవిడ నమ్మే సాక్ష్యం పంపండి, ఆలస్యం చెయ్యకండి.

ఆదుర్దాతో,
సత్తిరాజు

తా.క. ఆకులు పంపకండి. కొట్టేసిన చెట్టుకీ ఆకులుంటాయంటోంది.


రాజోలు,
వైశాఖ శుద్ధ విదియ.

బావగారికి వేయి నమస్కారాలు. మీ ఉత్తరమూ ఆదివారమూ ఒకేసారి వచ్చాయి. పదిమందిలో ఇచ్చిన గడువు గనక నేను గొడ్డలి ఎత్తానో లేదో, కనకరాజు దడి విరుచుకుంటూ వచ్చి చెట్టుని వాటేసుకున్నాడు. “నరకొద్దండీ సుబ్బరాజుగారూ. వచ్చే ఏడు కాదండీ, ఈ ఏడే కాసింది” అన్నాడు.

చెయ్యి పట్టుకుని వాళ్ళ దొడ్లోకి తీసుకెళ్ళి గడ్డిమేటు అంచున గడ్డి పక్కకు లాగాడు. అక్కడ నేల బద్దలై ఉంది. దడి కిందనుంచి అటు పాకిన వేళ్ళకి, మట్టిలో మూడు పనసపళ్ళు.

“ఆయ్, మూడేళ్ళ నుంచీ కాస్తందండీ. నేనే నీళ్ళు పోస్తన్నాను.”

“చెప్పలేదేమండీ?”

“మనకి మాటల్లేవు కదండీ, ఎలా చెప్పను?”

కోపం వస్తుందనుకున్నాను, రాలేదు. అత్తయ్యగారి చేతి గింజ వృథా పోలేదు, నాకంతే చాలు. సూరమ్మ ఏడుస్తూ ఆయనకి దణ్ణం పెట్టింది. నేనూ పెట్టాను.

మట్టి కడగకుండా పండు పంపుతున్నాను. అత్తయ్యగారిని ఇక అన్నం తినమనండి.

కృతజ్ఞతతో,
మీ సుబ్బరాజు

తా.క. పండు నెత్తిన పెట్టుకుని మీ గుమ్మంలో నిలబడ్డ మనిషే కనకరాజు. చెట్టు బతికే ఉందని ఆయనే సాక్ష్యం చెబుతాడు. మూడేళ్ళు తిన్నందుకు అత్తయ్యగారి కాళ్ళకి మొక్కాలని తనే బయల్దేరాడు. మొదటి తొన ఆవిడ తిన్నాక, రెండోది ఆయనకి పెట్టండి.